తప్పులో కాలేయడం ఎలా? కొత్త మాటల రచయితకు కొన్ని చిట్కాలు

తమ్ముడూ, కృష్ణానగర్‌లో గది తీసుకున్నావు, లాప్‌టాప్ కొన్నావు, ఒక దర్శకుడి దగ్గర స్టోరీ సిట్టింగుల్లో కూర్చునే చోటు కూడా సంపాదించావు. సంతోషం. ఇక నీ ముందున్న ప్రమాదం ఒక్కటే. ఏదో ఒక రాత్రి నీకు అనుమానం పుడుతుంది, ఈ సీన్లో లాయరు చెప్పిన సెక్షన్ కరెక్టేనా అని. ఆ అనుమానాన్ని మొలకలోనే తుంచెయ్యి. తెలిసినవాణ్ని ఒక్కసారి అడిగావంటే అయిపోయావు. వాడు "అలా ఉండదండీ" అంటాడు. "మరెలా ఉంటుంది?" అని నువ్వు అడగకుండా ఉండలేవు. వాడు చెప్పేది నీ సీను కన్నా బాగుంటుంది. ఇక సీనంతా మళ్లీ రాయాలి. హీరోగారి డేట్లు చూస్తే వారమే ఉన్నాయి. అందుకే ఎవర్నీ అడగొద్దు.

అడక్కుండా రాయడానికి ధైర్యం ఒక్కటే చాలదు, పద్ధతి తెలియాలి. ఈ విద్యకి ఆదిగురువు 1939 నాటి 'ది విజర్డ్ ఆఫ్ ఆజ్'లో గడ్డి కూరిన దిష్టిబొమ్మ. దానికి మెదడు కావాలి. మాంత్రికుడు మెదడుకి బదులు ఒక డిప్లొమా చేతిలో పెడతాడు. పట్టా అందిన మరుక్షణం బొమ్మ తడుముకోకుండా ఒక జ్యామితి సిద్ధాంతం అప్పజెబుతుంది. సమద్విబాహు త్రిభుజంలో ఏ రెండు భుజాల వర్గమూలాలు కూడినా మూడో భుజం వర్గమూలం వస్తుందట. పైథాగరస్ పేరున మనం చదువుకున్నది లంబకోణ త్రిభుజం సంగతి. అందులో ఉండేవి వర్గాలు, వర్గమూలాలు కావు. కూడాల్సినవి లంబకోణానికి అటూ ఇటూ ఉన్న భుజాలు, ఏవో రెండు కావు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు! ఇంకా తవ్వి చూడు. సమాన భుజాలు ఒక్కోటి ఒక మీటరు అనుకుంటే, బొమ్మ లెక్కలో మూడో భుజం నాలుగు మీటర్లు కావాలి. మీటరు కర్రలు రెండు పెట్టి నాలుగు మీటర్ల కర్ర రెండు కొసలూ కలపమంటే ఎలా కలుస్తాయి? అలాంటి త్రిభుజం లోకంలోనే లేదు. తప్పంటే అదీ, దిద్దడానికి కూడా సందు ఉండకూడదు.

అక్కడ పని చేసింది పట్టా అని గమనించు. అబద్ధాన్ని ఎప్పుడూ చదువుకున్నవాడి నోట పలికించాలి. 2014లో వచ్చిన 'లూసీ'లో మనిషి తన మెదడులో పది శాతమే వాడుకుంటాడనే మాట ప్రొఫెసర్ వేషంలో మోర్గాన్ ఫ్రీమన్ చెబుతాడు, అదీ నిండు సభలో. మన మెదడు బరువు ఒంటి బరువులో దాదాపు 2 శాతం. ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు 20 శాతం అదే తినేస్తుంది. తొంభై శాతం ఊరికే కూర్చునే అవయవానికి అంత తిండి ఏ ఒళ్లూ పెట్టదు. కానీ ఫ్రీమన్ గొంతు విన్నాక ఈ లెక్క ఎవడికి గుర్తొస్తుంది? కాబట్టి తప్పు డైలాగు రాసే ముందు దానికి తగ్గ గొంతు వెతుక్కో. కళ్లజోడు కాస్ట్యూమ్స్ వాళ్లు చూసుకుంటారు.

ఇక కోర్టు సీను. దీనికి కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే మనవాళ్లు అన్నిటికన్నా ప్రేమగా తప్పులు పండించింది ఇక్కడే.

ముందు జాగ్రత్త, కోర్టు సీను రాసేవాడు కోర్టుకి వెళ్లకూడదు. నాంపల్లి కోర్టు నీ గదికి మరీ దూరమేం కాదు. మామూలు విచారణ ఎవరైనా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. అదే కొంప ముంచేది. అక్కడ జడ్జిగారి బల్ల మీద చెక్క సుత్తి కనపడదు. అది అమెరికా సినిమాల్లోంచి మన సెట్టు మీదికి దిగింది. భగవద్గీత పట్టుకొచ్చే బంట్రోతూ కనపడడు. 1969 నాటి ప్రమాణాల చట్టంలో పవిత్రగ్రంథం ఊసే లేదు. దేవుడి పేరున ప్రమాణం చేస్తే చాలు, దేవుడంటే నమ్మకం లేనివాళ్లు ఊరికే ధ్రువీకరించినా చాలు. ఇవన్నీ కళ్లారా చూశాక "గీత మీద ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతాను" అని రాయబోతే నీ చెయ్యి ఆగిపోతుంది. చెయ్యి ఆగితే పేమెంటు ఆగుతుంది.

హత్య కేసు అనగానే నీ వేళ్లు వాటంతటవే 302 అని కొడతాయి. కొట్టనీ. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకి శిక్ష చెప్పేది ఇప్పుడు 103వ సెక్షన్. కొత్త సంహితలో కూడా 302 ఉంది సుమా! ఎదుటివాడి మతభావాన్ని గాయపరచాలనే ఉద్దేశంతో మాటలనడం అనే నేరం అది, గరిష్ఠంగా ఏడాది జైలు. అంటే నీ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కళ్లెర్రజేసి "యువరానర్, ఈ నరరూప రాక్షసుణ్ని 302 కింద ఉరి తీయాలి" అని గర్జిస్తే, నోరు జారినవాడికి ఉరి అడుగుతున్నాడన్నమాట. హత్య 2024 జూలైకి ముందు జరిగితే పాత 302 చెల్లుతుంది, అది వేరే సంగతి. నువ్వు తెలివిగలవాడివైతే సీన్లో తారీఖు ఎక్కడా కనపడనివ్వవు. గోడ మీద క్యాలెండరు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎలాగూ తగిలిస్తారు, షాట్‌కి ముందు పీకించెయ్యి.

జడ్జిగారు అదే పూట ఉరి వేసేసి, కలం పాళీ విరిచేసి లేచి వెళ్లిపోవాలి. శిక్ష ఎంతన్నది తేల్చే ముందు ముద్దాయి మాట విడిగా వినాలనీ, సెషన్స్ జడ్జి వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు చెయ్యకూడదనీ మన చట్టంలో ఉంది. అదంతా చూపిస్తే సినిమాకి ఇంకో పావుగంట పెరుగుతుంది, ఎడిటరు నిన్ను బతకనివ్వడు.

క్లైమాక్స్‌లో హీరో విలన్ని గోడౌన్లో చితక్కొడతాడు. సరిగ్గా అప్పుడే జీపు దిగిన ఎస్సైగారి ముందు "అవును, నేనే చంపాను" అనిపిస్తాడు. బేడీలు, శుభం. ఇంతకన్నా చక్కని ముగింపు లేదు. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా పనికిరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. దాని బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో కూడా అదే మాట. నూటయాభై ఏళ్ల నాటి రూలు. పైగా ఆ ఒప్పుకోలు తన్ని చెప్పించింది. గట్టి లాయరు దొరికితే నీ విలన్ మీసం తిప్పుకుంటూ బయటికొస్తాడు. హీరో గెలిచాననుకున్న ఆ ఒక్క ముక్కే విలన్ని కాపాడటం... ఇదేదో ఇంటర్వెల్ బ్యాంగులా ఉందే అని నీకు తోస్తుంది. తోచిందా? చూశావా, చట్టం చదివితే వచ్చే రోగమే అది.

చిన్నచిన్న తప్పులు డైలాగులో కలిసిపోతాయి, వాటికి పేరు రాదు. కథ మొత్తాన్ని ఒక్క తప్పు మీద నిలబెట్టడం మొనగాడి పని. మన తాతినేని రామారావు హిందీలో తీసిన 'అంధా కానూన్' (1983) చూడు. అందులో అమితాబ్ బచ్చన్ పాత్ర చెయ్యని హత్యకి జైలుకి వెళుతుంది. చచ్చాడనుకున్నవాడు నిక్షేపంలా బతికే ఉంటాడు. శిక్ష ముగించుకుని వచ్చిన అమితాబ్ వాణ్ని కోర్టు హాల్లోనే చంపి, ఈ హత్యకి నేను ముందే జైల్లో గడిపి వచ్చాను, ఇంకేం శిక్ష వేస్తారో వెయ్యండి అంటాడు. పదహారేళ్ల తర్వాత హాలీవుడ్‌కీ అదే ఆలోచన వచ్చి, 1999లో 'డబుల్ జెపర్డీ' అని దానికి టైటిలే పెట్టేసుకుంది. అక్కడ కథానాయికకి ఈ సలహా ఇచ్చేది ఎవరో తెలుసా? జైల్లో తోటి ఖైదీగా ఉన్న మాజీ లాయరు! ఫీజు లేని సలహా ఎలా ఉంటుందో అలాగే ఉంది.

మన రాజ్యాంగం 20(2) అధికరణం ఒకే నేరానికి రెండోసారి శిక్షించకూడదనే అంటుంది. అమెరికా రాజ్యాంగం ఐదో సవరణదీ ఆ దారే. అయితే ఒకే నేరం అంటే ఫలానా రోజున ఫలానా చోట జరిగిందని నిన్ను నిలబెట్టిన ఆ ఒక్క నేరం. అప్పుడెప్పుడో జరగని హత్యకి పడ్డ శిక్ష వేరు, ఈ మధ్యాహ్నం నువ్వు దించిన కత్తి వేరు. మొదటిది తప్పుడు తీర్పు, కొట్టేయమని అడగొచ్చు. ఎప్పుడో చెయ్యబోయే హత్యకి అడ్వాన్సుగా జమ కట్టుకోవడానికి మాత్రం కుదరదు. కానీ హాల్లో చప్పట్లు కొట్టేవాడికి అధికరణంతో పనేంటి? నాకు తెలిసి మన సినిమాలు జనానికి నేర్పిన న్యాయశాస్త్రంలో ఇంత బలంగా నాటుకున్న పాఠం ఇంకోటి లేదు. ఇప్పటికీ రచ్చబండ దగ్గర ఇది చట్టమనే వాదించేవాళ్లున్నారు.

ఆస్పత్రి సీను దీని ముందు సులువు. 1977 'అమర్ అక్బర్ ఆంథోనీ' ఒక్కటి చూస్తే చాలు, మనవాళ్లు 1980లో 'రామ్ రాబర్ట్ రహీమ్'గా తీసుకున్న కథ. మూల చిత్రంలో ముగ్గురు కొడుకులు వరసగా పడుకుంటారు, ముగ్గురి రక్తం గొట్టాల్లో పైకెక్కి ఒక్క సీసాలో కలిసి తల్లి ఒంట్లోకి దిగుతుంది. రక్తానికి ఎదురెక్కే శక్తి ఎక్కడిదని అడిగితే తల్లి ప్రేమ అని చెప్పు. రక్తం ఎక్కించే ముందు హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చెయ్యాలన్న నిబంధన ఉంది కదా అంటే, సెంటిమెంటు తెలియని మనిషివని ముఖం మీదే అనెయ్యి. బ్లడ్ గ్రూపు కలిసింది కాబట్టి నువ్వు నా కొడుకువే అనే డైలాగు కూడా ఇక్కడే వాడుకో. మన దేశంలో ఎక్కువమందివి ఓ, బీ గ్రూపులే కనుక, ఆ లెక్కన నిండుగా వెళ్లే ఆర్టీసీ బస్సులో సగం మంది అన్నదమ్ములు తేలతారు.

మానిటరు మీద గీత అడ్డంగా సాగిపోగానే డాక్టరు రెండు ఇస్త్రీపెట్టెల్లాంటివి రుద్ది ఛాతీ మీద అదిమి షాక్ ఇవ్వాలి. గుండె లయ తప్పి గజగజ కొట్టుకుంటుంటే దాన్ని ఆపి దారిలో పెట్టడానికి ఇచ్చే షాక్ అది. పూర్తిగా ఆగి గీత చదునైపోతే షాక్ పనిచెయ్యదు, ఛాతీ నొక్కుతూ అడ్రినలిన్ ఇస్తారు. అయితే నొక్కేవాడి చెమట కన్నా ఎగిరిపడే హీరోయినే తెర మీద బాగుంటుంది. కానివ్వు.

దిక్కుల సంగతి. విశాఖ బీచ్‌లో హీరో హీరోయిన్లు చేతులు పట్టుకుని సముద్రంలో కుంగే సూర్యుణ్ని చూడాలి. మన సముద్రం తూర్పున ఉంది, పొద్దు అందులోంచి లేస్తుందే గానీ అందులోకి దిగదు. దిగులుపడకు, నీకు తోడున్నారు. వియత్నాంకి కూడా సముద్రం తూర్పునే. 1968 నాటి 'ది గ్రీన్ బెరేస్' చివర జాన్ వేన్ అక్కడే సాయంకాలపు సూర్యుణ్ని సముద్రంలోకి దించాడు. ఆ రోజుల్లోనే ఇంకొకరు టైటిల్లోనే దిక్కు మార్చి 'క్రకటోవా, ఈస్ట్ ఆఫ్ జావా' అన్నారు. 1883లో పేలిన ఆ అగ్నిపర్వతం జావాకి పడమట ఉంది. పోస్టరు మీదే తప్పు అచ్చేసినవాళ్ల ముందు నీ డైలాగెంత?

కాలం విషయంలో కూడా మొహమాటపడొద్దు. 'టైటానిక్' (1997)లో జాక్ చిన్నప్పుడు విస్సోటా సరస్సులో మంచు మీద చేపలు పట్టానంటాడు. ఓడ మునిగింది 1912లో. ఆ సరస్సు ఓడ మునిగిన కొన్నేళ్లకి, చిప్పెవా నది మీద ఆనకట్ట కట్టాక గానీ పుట్టలేదు. నువ్వు 1942 ఉద్యమం కథ రాస్తుంటే హీరో తాతయ్యని నాగార్జునసాగర్‌లో ఈత కొట్టించు, 1955లో గానీ శంకుస్థాపన జరగలేదని ఎవడు లెక్కపెడతాడు? కాకతీయుల కథయితే ప్రతాపరుద్రుడి వంటశాలలో ఎండుమిరపకాయల దండలు వేలాడదీయించు. పోర్చుగీసు ఓడలు మిరపని మన దేశానికి తెచ్చింది 16వ శతాబ్దంలో. అప్పటిదాకా ఇక్కడ కారమంటే మిరియాలే. ఓరుగల్లు వంటవాడు మిరియం నూరుతున్నట్టు చూపిస్తే చూసేవాడికి కొత్తగా ఉంటుంది కదా అంటావేమో. కొత్తదనం రిస్కు.

చరిత్ర రాస్తే 'బ్రేవ్‌హార్ట్' (1995)ని గురువుగా పెట్టుకో. యువరాణి ఇసబెల్లా తన కడుపులో ఉన్నది విలియం వాలెస్ బిడ్డ అన్నట్టుగా ముసలి రాజు చెవిలో ఊదుతుంది. వాలెస్‌ని చంపింది 1305లో. ఇసబెల్లాకి ఆ రాజు కొడుకుతో పెళ్లయ్యింది 1308లో, అప్పటికామెకి పన్నెండేళ్లు. ఆ ముసలి రాజు 1307లోనే పోయాడు. కొడుకు పుట్టింది 1312లో. 'ఆర్ఆర్ఆర్' (2022) వాళ్లు చేసిన పని మాత్రం చెయ్యొద్దు. అల్లూరి, కొమురం భీం కలిసినట్టు ఊహించుకున్నామని ముందే చెప్పేసుకుంటే ఇంక తప్పు పట్టేవాడికి పనేం మిగులుతుంది?

సైన్సు దగ్గర ఒక పెద్ద ఊరట ఉంది. 1977 'స్టార్ వార్స్'లో హాన్ సోలో తన ఓడ ఎంత వేగమైనదో చెబుతూ ఫలానా దారిని 12 పార్సెక్‌ల లోపే దాటేశానని గొప్పలు పోతాడు. పార్సెక్ దూరానికి కొలత, ఒక్కోటి దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు. హైదరాబాద్ నుంచి విజయవాడకి 12 కిలోమీటర్లలో వచ్చేశానన్నట్టు ఉంది. కానీ వాళ్లు మాట వెనక్కి తీసుకోలేదు. 2018లో 'సోలో' అని ఇంకో సినిమాయే తీసి, అతను ఎవరూ వెళ్లని అడ్డదారిన దూరం తగ్గించాడు కాబట్టే అలా అన్నాడని చూపించారు. 41 ఏళ్లు ఓపిక పట్టారు. నీ నిర్మాతకి అంత ఓపికుంటే నువ్వూ ఏమైనా రాసుకో.

'జురాసిక్ పార్క్' (1993)లో డాక్టర్ గ్రాంట్, కదలకుండా నిలబడితే టీ-రెక్స్‌కి మనం కనపడమంటాడు. నిజానికి దాని కళ్లు ముందువైపుకి ఉండి చూపు దిట్టంగా ఉండేది, వాసన పట్టడంలోనూ గట్టిదే. ఆ మాట నమ్మి నిలబడ్డవాడు దానికి కూర్చోబెట్టి వడ్డించిన భోజనం. పైగా టీ-రెక్స్, వెలాసిరాప్టర్, ట్రైసెరటాప్స్ మూడూ జురాసిక్‌వి కావు, తర్వాతి క్రెటేషియస్ యుగానివి. అదే సినిమాలో చిన్నపిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని ఇది యూనిక్స్ అని గుర్తుపడితే చాలామంది నవ్వారు. అది మాత్రం నిజం. తెర మీద కనపడ్డది సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ నిజంగా తయారు చేసిన ప్రోగ్రామే. చూశావా, నిజం రాసినా నవ్వులపాలే, ఇక కష్టపడటం దేనికి? నీకు అసలైన జురాసిక్ డైనోసార్ కావాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్, దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు. తెలంగాణ మట్టిలోంచి లేచిన రాకాసిని పెట్టి ఒక్క తెలుగు సినిమా కూడా రాయకుండా మనం ఎంత నిగ్రహం చూపించామో!

ఆ నిగ్రహం గనుల విషయంలో కూడా ఉంది. '2012' అనే సినిమాలో (వచ్చింది 2009లో) భారతదేశంలోని లోతైన గనిలో మన శాస్త్రవేత్త ఒకాయన న్యూట్రినోల స్వభావం మారిపోయి భూగర్భాన్ని వేడెక్కిస్తున్నాయని చూపిస్తాడు. క్షణానికి లక్షల కోట్ల న్యూట్రినోలు మన ఒంట్లోంచి దూసుకుపోతాయి, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అవి ఒకదానికొకటి చెప్పుకుని మారిపోవు. అసలు నిజం ఏమిటంటే వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను ప్రపంచంలో మొట్టమొదట పట్టుకున్న ప్రయోగాల్లో ఒకటి 1965లో మన కోలార్ బంగారు గనుల్లోనే జరిగింది, నేల కింద రెండు కిలోమీటర్లకి పైగా లోతులో. అదే కేజీఎఫ్! బంగారం కోసం తవ్విన సొరంగంలో కంటికి కనపడని కణం కోసం కాపు కాసిన మనుషులు. ఆ పేరు మీద రెండు సినిమాలొచ్చాయి, అందులో ఒక్కడూ న్యూట్రినో ఊసెత్తలేదు. శభాష్.

సినిమా విడుదలయ్యాక ఎవడో ఒకడు తప్పు పడతాడు. సినిమాని సినిమాలా చూడాలి, లాజిక్ ఇంట్లో పెట్టి రావాలి అని చెప్పి పంపించెయ్యి. దర్శకుడు జేమ్స్ కామెరాన్‌లా పరువు తీసుకోకు. నీల్ డిగ్రాస్ టైసన్ అనే ఖగోళ శాస్త్రవేత్త 'టైటానిక్'లో కనపడే నక్షత్రాలు ఆ రాత్రివి కావని వెంటపడితే, 2012 త్రీడీ విడుదలకి కామెరాన్ ఆకాశాన్నే మార్పించాడు. సరస్సుని మాత్రం ముట్టుకోలేదు, అంతవరకు నయం.

సెక్షన్లు, దిక్కులు, గ్రూపులు, శతాబ్దాలు అన్నీ నోటికొచ్చినట్టు రాసే మనవాళ్లు ఒక్క చోట మాత్రం నిజం రాసేస్తారు, హీరోయిన్ ఫోన్ నంబరు దగ్గర. 2024లో వచ్చిన 'అమరన్'లో సాయిపల్లవి పాత్ర తన నంబరు రాసిన కాగితం ఇస్తుంది. ఆ నంబరు చెన్నైలో ఒక విద్యార్థిది. రాత్రీ పగలూ లేకుండా ఫోన్లు మోగితే చదువూ నిద్రా పోయి ఆ అబ్బాయి 1.1 కోట్ల రూపాయల పరిహారానికి నోటీసు పంపాడు. చిత్రబృందం ఆ నంబరుని తీసెయ్యాల్సి వచ్చింది. కాబట్టి తమ్ముడూ, మిగతావన్నీ నీ ఇష్టం. నంబరు మాత్రం సీను పేపరు మీద పెట్టే ముందు నీ ఫోన్లోంచి ఓసారి కొట్టి చూడు. అవతల ఎవరైనా హలో అంటే మార్చెయ్యి.